సార్ నేర్పిన చింతో

మా కరాటే సార్ పోయారని ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసినప్పుడు నేను పటాన్‌చెరులో పిల్లలకు క్లాసు చెబుతున్నాను. "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా" అని మాత్రం అన్నారామె. ఫోన్ పెట్టేసి, పిల్లలు సగంలో ఆపిన కటాను చివరిదాకా చేయించాకే ఇళ్లకు పంపాను. మధ్యలో వదిలేస్తే సార్ ఊరుకునేవారు కాదు.

కరాటే తెలియనివారికి ఒక మాట చెప్పాలి. కటా అంటే ఎదురుగా ఎవరూ లేకపోయినా ఉన్నట్టే చేసే పోరాటం. ఏ అడుగు తర్వాత ఏ దెబ్బో ముందే నిర్ణయమై ఉంటుంది. ఒకే కటాను ఒక్కో శైలివాళ్లు ఒక్కోలా చేస్తారు. పోటీలో మనకు కుదిరినది ఎంచుకోవచ్చు. ఎవరి ఒంటికి ఏది కుదురుతుందో సార్ నడక చూసి చెప్పేవారు. "గొప్ప కటా గెలవదమ్మా, నీకు పట్టిన కటా గెలుస్తుంది" అనేవారు.

ఆయన గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి పటేల్‌గూడలో స్థిరపడ్డారు. మూతబడిన ఒక రేకుల షెడ్డులో ఆదివారం పొద్దుటిపూట మాకు నేర్పేవారు. వాచీ విప్పి బూటులో పెట్టి, ఒక శైలి దారిని తెల్ల సుద్దతో, ఇంకో శైలి దారిని ఎర్ర సుద్దతో నేలమీద గీసేవారు. కటా చేస్తున్నవాళ్ల ముందునుంచి మాత్రం నడిచేవారు కాదు, గోడవారగా చుట్టి వచ్చేవారు. "ఎదుటి మనిషి నిలబడి ఉంటాడమ్మా అక్కడ. తగలకూడదు" అనేవారు. మొదట్లో మేం నవ్వుకున్నాం. కొన్నాళ్లకు మేమూ గోడవారగానే నడవడం మొదలుపెట్టాం.

సంగారెడ్డిలో పోటీ ఉందని తెలిసినప్పుడు నేను ఉన్సు అనే కటా చేస్తానన్నాను. గాల్లోకి లేచి గిర్రున తిరిగే గెంతు ఉంటుందందులో. సార్ ఒప్పుకోలేదు. దిగేటప్పుడు నా మోకాలు లోపలికి వంగుతోందన్నారు.

"ఒకే కటాను రెండు రకాలుగా చేస్తాను. చూసి, నీకేది కావాలో చెప్పు" అని లేచారు.

ముందు షోటోకాన్ శైలిలో గంకాకు అనే కటా చేశారు. ఒంటికాలిమీద కొంగలా నిలబడి పక్కకు తన్నడం, నేలకు దగ్గరగా వంగిన పొడవాటి అడుగులు. పుస్తకంలో బొమ్మలా ఉంది. తర్వాత షెడ్డు అవతలి చివరకు వెళ్లి కళ్లు మూసుకుని నిలబడ్డారు. అదే కటాకు షిటోర్యూ శైలిలో చింతో అని పేరు. అది మొదలుపెట్టారు.

అడుగులు పొట్టివయ్యాయి, తన్ను ముందుకు పడింది, అది శైలి తేడా. కానీ ఎడమ భుజం కుంగిపోయింది. ఊపిరి ముక్కులోంచి సన్నని ఈలలా వస్తోంది. సార్ ఊపిరి అలా ఉండదు. ముఖం కూడా ఎవరిదోలా అనిపించింది. కటా ముగించి నావైపు తిరిగి, "జెర నీళ్లియ్యి బిడ్డా" అన్నారు.

ముప్పై ఏళ్లు ఇక్కడున్నా సార్ ఆ యాస ఏనాడూ మాట్లాడలేదు. నేను సీసా అందించాను. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని, "ఇదెందుకమ్మా?" అని అడిగారు.

అప్పుడే గమనించాను, షెడ్డు గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. సార్ ఆమెకు వంగి నమస్కరించి బయటికి వెళ్లిపోయారు.

"మాది చిట్కుల్ బిడ్డా" అందామె. "మా ఇంటాయన, మీ సారు ఒక్క షిఫ్టుల చేసెటోళ్లు. గీన్నే ఇద్దరు కల్సి కరాటే చేస్తుండె. డ్యూటీకి పోయిన మనిషి యాక్సిడెంటయి మల్ల రాలె. ఇయ్యాల్టి దినమే పోయిండు. ఏడాదికొక్కపారి వచ్చి సూసిపోత."

"ఏం చూస్తవు పెద్దమ్మా?"

"ఇంకేం సూస్త. మా ఆయన్ని."

నేను చింతోనే ఎంచుకున్నాను. భయమేసింది, అయినా అదే కావాలనిపించింది. సంగారెడ్డిలో ఫైనల్ దాకా వెళ్లాను. ఒంటికాలిమీద నిలబడగానే ఎడమ భుజం దానంతటదే కుంగింది. నా ముక్కులోంచి ఈల వినబడింది. రెండో స్థానం వచ్చింది. "భుజం సరిచేసుకో. మొదటిది నీదే అయ్యేది" అన్నాడొక జడ్జి.

తిరిగి వస్తుంటే ఆ మాట సార్‌కు చెప్పాను.

"సరిచెయ్యాలమ్మా. గురువుగా నేను చెప్పాల్సింది అదే. వాడి తప్పుతో సహా నీకు నేర్పి నీ పతకం పోగొట్టాను." నా ఎడమ భుజంవైపు చూసి అన్నారు: "కానీ అది సరిచేస్తే వాడింక ఎక్కడా ఉండడు."

ఆరోజు నాకు కోపం వచ్చింది. అయినా భుజం సరిచేసుకోలేదు.

సార్ పోయిన పదకొండో రోజున పాత శిష్యులం నలుగురం పటేల్‌గూడ ఇంటికి వెళ్లాం. భోజనాలయ్యాక ఆంటీ మా నలుగురినీ డాబా మీదికి పిలిచారు. చిట్కుల్ పెద్దమ్మ కూడా వచ్చింది.

"ఆయన చేసినట్టు ఒక్కసారి చేసి చూపించండమ్మా" అన్నారు ఆంటీ.

ఒకరి తర్వాత ఒకరం గంకాకు చేశాం. తప్పు లేకుండా చేశాం. ఆంటీ తల అడ్డంగా ఊపారు. "బావుంది. కానీ ఆయన లేరమ్మా ఇందులో." నిజమే. స్నేహితుణ్ణి తప్పులతో సహా దాచుకున్న మనిషి, తనదంటూ ఏదీ అంటకుండా మాకు శుభ్రంగా నేర్పి వెళ్లిపోయారు.

"బిడ్డా, గా చింతో చెయ్యి" అంది పెద్దమ్మ.

మిట్టమధ్యాహ్నం. డాబా కాలుతోంది. మొదలుపెట్టాను. భుజం కుంగింది, పెద్దమ్మ మూలిగింది. మలుపు తిరిగి, తల కొంచెం వంచి, ఒక్క క్షణం ఆగి కాలెత్తాను. సార్ నేర్పింది అలాగే.

"గిది మా ఆయనది గాదు" అంది పెద్దమ్మ. "గాయన ఆగకపోతుండె. తిరుగుడుతోనే కాలెత్తెటోడు."

ఆంటీ కుర్చీలోంచి లేచారు. "కదలకమ్మా. అలాగే ఉండు. బయటికి వెళ్లేముందు రోజూ గడప దగ్గర ఇలాగే తల వంచి ఆగేవారు. ఇది మావారే."

నేను కదల్లేదు. ఒంటికాలిమీదున్నా నొప్పి తెలియలేదు. ఇద్దరూ గోడవారగా కాకుండా తిన్నగా నా ముందుకే నడిచి వచ్చారు. ఒకామె నా భుజంవైపు, ఒకామె వంచిన తలవైపు చూస్తూ, అక్కడే నిలబడిపోయారు.