తీహ దాకా పంతొమ్మిది పేర్లు

మా ఊసమొ అమ్మమ్మ నోరు మంచిది కాదు. డెబ్బై నాలుగేళ్ళొచ్చినా పొయ్యి దగ్గర కూర్చుని ఊళ్ళో మగాళ్ళందరినీ దులిపేస్తుంది. అలాంటి మనిషి, రోడ్డు పనివాళ్ళకు లోయ అడుగున ఎముకలు దొరికాయని విన్న రోజు పొయ్యి వదిలేసి, లోయకేసి చూస్తూ గుమ్మంలో కూర్చుంది. నలభై ఏళ్ళ కిందట కొండచరియ విరిగిపడి ఆమె మొగుడు తీహ కనబడకుండా పోయింది అక్కడే. ఆమెకి పిల్లల్లేరు; ఊళ్ళో చిన్నవాళ్ళమంతా అమ్మమ్మ అని పిలుస్తాం.

ఎవరి ఎముకలో తేలనిదే మా పూజారి బిమో కర్మ చేయడు. తప్పు పేరు పెట్టి పిలిస్తే ఆత్మ పెద్దల దగ్గరికి చేరదు. తను పోయేలోగా మొగుణ్ణి చేర్చాలన్నదే అమ్మమ్మ తపన.

నేను నర్సుని. పోలీసు ల్యాబు డాక్టరమ్మ లిన్‌ను ఇంటికి తీసుకొచ్చింది నేనే.

"తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే డీఎన్‌ఏ ఆ ఎముకల్లో దొరికిందమ్మా. పోల్చి చూడ్డానికి మీవారి తండ్రి వైపు మగాళ్ళు కావాలి. మరుదులు గానీ, వాళ్ళ కొడుకులు గానీ..."

"ఉంటే ఈపాటికి నీ ముందు నిలబెట్టేదాన్ని కదే అమ్మాయ్! అందరూ పోయారు."

అని, కళ్ళు మూసుకుని అందుకుంది. "ఆహొ జూతు, జూతు మూక..." మా కొండజాతిలో తండ్రి పేరు ముందు, కొడుకు పేరు వెనక. అలా గొలుసు సాగుతుంది. అది చదవడం మగాళ్ళ హక్కు. పక్కనే ఉన్న ఊరిపెద్ద యోటి మూతి ముడిచాడు. అతనిది వేరే వంశం, ఊరి వరసకే వదినంటాడు.

"ఆడదానివి, నీకెందుకు వదినా ఆ పేర్లు?"

"మా మామ చెబుతుంటే దుంపలు కాలుస్తూ విన్నాను. నువ్వప్పుడు తాగి పడుకున్నావులే!"

మళ్ళీ అందుకుని, పదో పేరు లాతి దగ్గర ఆగింది. "లాతికి ఇద్దరు కొడుకులు. చిన్నోడు జిన్షా నది దాటిపోయాడు. వాడి వంశపు మగాళ్ళు అవతల ఉండాలి."

అమ్మమ్మా నేనూ నది దాటాం. మూడో ఊళ్ళో ఒక ముసలాయన మేకల పెంట ఎత్తుతున్నాడు. అమ్మమ్మ ఆయన ముందు నిలబడి మొదటి నుంచీ చదివింది. ఆరో పేరుకి ఆయన పార ఆగింది. ఏడో పేరు నుంచి ఆయనా గొంతు కలిపాడు. లాతి దాకా ఒక్క పేరు తేడా లేదు. అంతకుముందు ఒకరినొకరు ఎరగని మనుషులు! లిన్ ఇచ్చిన దూదిపుల్ల ఆయన బుగ్గలో తిప్పి నమూనా తీసుకున్నాను.

నెలకి లిన్ ఫోన్ చేసింది. "ఆయన డీఎన్‌ఏని ఎముకలతో ఇరవై ఏడు చోట్ల పోల్చాం. ఇరవై ఆరు అచ్చం ఒకటే. ఒకటి కాస్త మారింది, ఇన్ని తరాల్లో అది మామూలే. మీ ప్రాంతంలో సేకరించిన నమూనాల్లో ఈ వరస ఇంకెవరికీ లేదు. కానీ వంశమే చెప్పగలను, మనిషిని చెప్పలేను."

"మనిషిని నేను చెబుతా. ఆ వంశంలో ఆ లోయలో పోయినవాడు ఒక్కడే," అంది అమ్మమ్మ.

ఏం వింతమ్మా ఇది! నేను బళ్ళో చదివిన చదువంతా ఆ పొయ్యి ముందు చిన్నబోయింది.

కర్మ రోజున బిమో వంశావళి అడిగాడు. మగాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"చెప్పు వదినా," అన్నాడు యోటి, తల దించుకుని.

గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చివర్న "ఊగ తీహ" అంది. తర్వాతి జంట తీహతో మొదలై, అతని కొడుకు పేరుతో ముగియాలి. నది అవతల నుంచి వచ్చిన ముసలాయన కూడా ఎదురుచూస్తున్నాడు. అమ్మమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసింది.

"అంతే నాయనా," అంది బిమోతో. "ఇక పిలువు."