నాలుగో గీతలో మా రూతు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మేం పూటపూటా ప్రార్థన చేసుకునే ఇంటివాళ్లం. చనిపోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారు, మన వంటింట్లో తిరగరు అని మా నాన్న చెప్పేవాడు. నేనూ అదే నమ్మాను. ఎవరైనా ఏదో కనిపించిందని చెబితే, పొద్దున అన్నం తిన్నావా లేదా అని అడిగే రకాన్ని నేను. ఇప్పుడు రాస్తున్నది కూడా దెయ్యం గురించి కాదు. మరి దేని గురించి అంటే నాకే తెలియదు.

మాది నారాయణఖేడ్. నేను ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. మా ఆయన సామ్యేలు టీవీలు, రేడియోలు బాగుచేస్తాడు. మాకు ఒక్కతే కూతురు, రూతు. 2003లో, అది రెండో తరగతిలో ఉండగా జ్వరం వచ్చింది. దవాఖానల చుట్టూ తిరుగుతుండగానే చేతుల్లోంచి జారిపోయింది.

ఇంట్లో దాని ఫోటో ఒక్కటే ఉండేది, మేం ముగ్గురం కలిసి దిగింది. సమాధి చేసే రోజు మా అత్తమ్మ దాన్ని గోడ మీంచి తీసి, పిల్ల ఒక్కతే పోతోందని ఏడుస్తూ పెట్టెలో పెట్టేసింది. ఆ ఏడుపుల్లో ఎవరూ ఆపలేదు. మట్టి వేసి ఇంటికి వచ్చాక గోడకు ఖాళీ మేకు కనిపించింది. చూసుకుందామంటే బిడ్డ ముఖం మాకిక లేదు.

మిగిలింది మనూరులో జరిగిన మా తమ్ముడి పెళ్లి క్యాసెట్. అందులో ఒకచోట నేను గోడ పక్కన నిలబడి ఉంటాను. నా మోచేతి ఎత్తున రూతు నిలబడి కెమెరా వైపు చూస్తుంది. క్యాసెట్‌కు బూజు పట్టింది. సరిగ్గా ఆ చోటు వచ్చేసరికి బొమ్మంతా చీమలు పాకినట్టు అయ్యేది. సీడీ చేసేవాళ్లకు ఇస్తే వాళ్ల కొత్త కంప్యూటర్ అక్కడ నీలం తెర చూపించి ఊరుకుంది.

కొన్నేళ్ల తర్వాత మా ఆయన హైదరాబాద్ తుక్కు సామానులోంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. కీబోర్డు, కంప్యూటర్ రెండూ ఒకటే డబ్బా. టీవీకి తగిలించాలి. వెనకటికి విదేశాల్లో ఇళ్లలో వాడేవారట. దానితోపాటు ఒక వెడల్పాటి పచ్చ బోర్డు, టేపులోని బొమ్మను పట్టే చిన్న పెట్టె, ఒక ఫ్లాపీ వచ్చాయి. ఆ బోర్డు మీద ఒకే రకం చిప్పులు నాలుగు. ఇలాంటి బోర్డులు చాలా తక్కువ తయారయ్యాయని, ఒకే పనిని నాలుగు చిప్పులూ పంచుకుని ఒక్కసారే చేస్తాయని కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన స్నేహితుడు వివరించాడు. కంది చేనులో నలుగురు కూలీలు తలా ఒక సాలు పట్టి కోసుకుంటూ పోతారే, అట్లాగన్న మాట.

పాడైన చోటును టేపులో మళ్లీ మళ్లీ తిప్పితే, పట్టిన బొమ్మలన్నీ కలిపి మచ్చలు తుడవడం ఆ ఫ్లాపీలోని ప్రోగ్రాం పని. తెర మీద బొమ్మ గీతలు గీతలుగా పడేది. ఒక్కో చిప్పు ఒక్కో గీత. మా ఖర్మకు నాలుగో చిప్పు చచ్చిపోయి ఉంది. ప్రతి నాలుగో గీతా నల్లగా ఉండిపోయేది. ఆ ప్రోగ్రాం మార్చడం ఆయనకు రాదు. అయినా రూతు కనిపించింది. కిటికీ ఊచల వెనక నిలబడ్డట్టు.

నాకు అదే ఎక్కువ అనిపించింది. ఆయనకు సరిపోలేదు. ఆ ఒక్క చిప్పు కోసం హైదరాబాద్‌కు ఎక్కే బస్సు, దిగే బస్సు. రెండో పెళ్లాన్ని తెచ్చుకున్నా ఇంత చూసుకునేవాడివి కాదని వెక్కిరించాను. బిడ్డ కనబడుతోంది కదా, ఇంకేం కావాలని అడిగాను.

"బిడ్డను ఊచల ఎన్క వెట్టి నాకెట్ల నిద్ర వడ్తదే?" అన్నాడు.

ఆ తర్వాత వెక్కిరించడం మానేశాను. ఆయన ఊళ్లో లేనప్పుడు నేనే ఆ డబ్బా ఆన్ చేసుకుని చూసేదాన్ని. ఏ మీట నొక్కాలో ఆయనే నేర్పాడు.

2011లో, తెలంగాణ కోసం బందులు జోరుగా ఉన్నప్పుడు, ఆయన మళ్లీ హైదరాబాద్ వెళ్లాడు. చూపించడానికి నమూనాగా ఆ చచ్చిన చిప్పునే ఊడదీసి, వెండి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. బోర్డు మీద దాని చోటు ఖాళీ. అది నేను కళ్లారా చూశాను. బస్సులు ఆగిపోయి ఆయన అక్కడే ఇరుక్కుపోయాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కరెంటు రాగానే డబ్బా ఆన్ చేసి, బొమ్మ పడేలోగా ఒక జాకెట్ హెమ్మింగ్ పూర్తి చేద్దామని మిషన్ దగ్గర కూర్చున్నాను. అప్పుడే నాగల్‌గిద్ద వైపు నుంచి ఒక ముసలామె జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చింది. అంతకుముందు మా ఇంటికి వచ్చిన మనిషి కాదు. మా సంగతులేవీ ఆమెకు తెలియవు. టీవీకి ఎదురుగా కూర్చుంది.

"టైలరమ్మా, టీవీల నీ పక్కకు గా పెద్దపోరి ఎవ్వలు? నీ బిడ్డనా?"

నేను తల ఎత్తలేదు. "పెద్దపోరి కాదవ్వా, చిన్నదే. నా మోచేతి కాడున్నది సూడు."

"చిన్నది గూడ ఉన్నది. మీద గీమె ఎవ్వలంటున్న. నీ చెవి కాడికొచ్చింది. అచ్చం నీ లెక్కనే ఉన్నదిగదా."

అప్పుడు తిరిగి చూశాను. తెర మీద నల్ల గీతలు లేవు. మూడేసి గీతల్లో ఎప్పటి బొమ్మే: నేను, గోడ, నా మోచేతి దగ్గర గౌను వేసుకున్న రూతు. నాలుగో గీతల్లోనూ నేను అట్లాగే ఉన్నాను, గోడ అట్లాగే ఉంది. కానీ చిన్న రూతు తల పైన, ఉత్త గోడ ఉండాల్సిన చోట, ఆ సన్నని గీతల్లో ఇంకో ముఖం ఉంది. కోల ముఖం, ఒంటి జడ. రూతు బతికి ఉంటే అప్పటికి పదో తరగతి చదివేది. వేసుకున్న డ్రెస్ మెడ నేను కత్తిరించే తీరులోనే ఉంది. అలాంటి డ్రెస్ నేను ఎవరికీ కుట్టలేదు. ఎవరి కోసం కుడతాను?

లేచి దగ్గరికి వెళ్లేలోపు కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక ఎన్నిసార్లు ఆన్ చేసినా ఊచలే.

ఆయన వచ్చాక చెప్పాను. డబ్బా మూత విప్పి చూశాడు. ఖాళీ చోటు ఖాళీగానే ఉంది. చిప్పు ఆయన జేబులోంచే వచ్చింది. పాత బొమ్మ ఏదో లోపల మిగిలిపోయి ఉంటుందని ఆయన స్నేహితుడు అన్నాడు. పెద్దదైన రూతు బొమ్మ ఎక్కడి నుంచి మిగులుతుంది? నా కళ్లు కోరుకున్నది చూపించాయని అనుకుందామంటే, ఆ ముసలామె జాకెట్ల కోసం వచ్చింది, ఆమెకు కోరుకోవడానికి ఏముంది?

నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు. నా బాధ అది కాదు. ఏళ్ల తరబడి తిరిగినవాడు ఆయన, చూసింది నేను. ఆ తర్వాత ఆయన ఆ డబ్బా ముందు కూర్చుని ఎదురుచూడని ఆదివారం లేదు. మిగతా చిప్పులు కూడా ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఇప్పుడు ఆన్ చేస్తే తెరంతా నలుపే.

అన్నం తింటూ తింటూ ఒక్కోసారి ఆగిపోతాడు. "ఎంత ఎత్తయింది అన్నవు?" అంటాడు.

నేను నా చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తాను.

"గట్లయితే నాకు గీడికొస్తది" అని తన భుజం తడుముకుంటాడు. "ఇప్పటికి ఇంకింత పెరిగుంటది."

ఆయన పళ్లెంలో ఇంకొంచెం కూర వేస్తాను.