జైలరమ్మ ఎరువుకుప్ప

"...వాసన కాదు వదినా, ఎవరో చచ్చి కుళ్లుతున్నట్టుంది! చీరలకి పట్టింది, దిండ్లకి పట్టింది. ఇంకా దేనికి పట్టాలి?"

"నీ నోటికి పట్టలేదుగా, సంతోషం."

వంటింటి కిటికీలో మరదలు. పెరట్లో, నడుము ఎత్తున పొగలు కక్కుతున్న ఎరువుకుప్ప పక్కన జైలరమ్మ. కుప్పను తిరగేస్తుంటే అడుగునుంచి పందికొక్కు ఒకటి దూకింది. ఆమె చేతిలోని నాలుగు ఇనుప ముళ్ల పార దానికంటే ముందే నేలకు దిగింది. కీచుమని ఒక్క అరుపు. పారకు గుచ్చుకుని కొట్టుకుంటున్నదాన్ని అలాగే కిటికీకేసి ఎత్తి చూపించింది.

"ఇదిగో, నీ వాసనకి కారణం. ఇంక హాయిగా వండుకో."

మరదలు కిటికీ ధడాలున మూసేసింది.

నిజానికి ఆమె జైలరు కాదు. ఆడ ఖైదీల బారక్‌లో వార్డరుగా చేసి రిటైరైంది. జైలరు పదవి వీధివాళ్లిచ్చిన ప్రమోషను. ఉద్యోగంలో ఉండగా పేలు పట్టిన తలలన్నీ ఆమే గొరిగేది, తలను చంకలో ఇరికించుకుని, కదిలితే మెడ నొక్కి. ఒకసారి ఒక ఖైదీ ఆమె ఎడమ చెవి తమ్మె కొరికి ఉమ్మేసింది. జైలరమ్మ ముందు ఆ తల గొరగడం పూర్తి చేసింది. తర్వాత ఆ మనిషి ముందుపళ్లు రాలగొట్టింది. ఆ తర్వాతే చెవికి కట్టు కట్టించుకుంది. ఆ కథ చెప్పినప్పుడల్లా ఈ వరస మాత్రం తప్పేది కాదు.

తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. వాణ్ణి కొట్టినవాళ్లని కొట్టేది, కొట్టించుకొచ్చినందుకు వాణ్ణీ కొట్టేది. వాడు పెద్దవాడై వీధి చివర సెలూను పెట్టుకున్నాడు. ముందు గదుల్లో వాడూ భార్యా, వెనక గదిలో ఈమె.

పెరడు ఆమె బారక్. కుప్పలోకి పోయే ప్రతిదానికీ సోదా ఉండేది. కూరగాయల తొక్కలు విదిలించి చూసేది, కాగితాలకు పిన్నులుంటే పీకేది. తమ్ముడు సెలూనునుంచి మూటకట్టి తెచ్చే జుట్టులో బ్లేడు ముక్కలేమైనా ఉన్నాయేమో వేళ్లతో వెతికేది. ఊళ్లో సగంమంది మగవాళ్ల జుట్టు ఆ కుప్పలోనే మగ్గింది. మోచేతిదాకా చెయ్యి దూర్చి, లోపల చురుక్కుమంటే తృప్తిగా తల ఊపేది. చల్లగా ఉంటే తిట్టేది. మరీ తడిసి కంపు కొడితే ఆటల మైదానానికి పోయి, కావలివాడు కోసి పడేసిన గడ్డి బస్తాలకెత్తి తెచ్చి కలిపేది. పచ్చగా, శుభ్రంగా ఉండే గడ్డి. దానికి సోదా ఏముంటుంది?

ఆ ఏడాది ఎరువు నల్లగా, పొడిపొడిగా దిగింది. టమాటా మళ్లకు దోసిళ్లతో పోసింది. పది రోజులు తిరక్కుండానే కొత్త ఆకులు పిడికిళ్లలా ముడుచుకున్నాయి. కాడలు ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్టు వంకర్లు తిరిగాయి. పెరటి మెట్టు మీద బాత్‌రూములు కడిగే యాసిడ్ సీసా ఖాళీగా కనిపించింది.

ఆమె ఇంకేమీ చూడలేదు. వంటింట్లోకి పోయి మరదలి జుట్టు చేతికి చుట్టుకుని, గడప మీదుగా ఈడ్చుకొచ్చి, మొహం మట్టిలో అదిమింది.

"ఏం పోశావే? చెప్పు! ఎన్నాళ్లనుంచి పోస్తున్నావ్?"

"అమ్మో... నేను కాదు వదినా, నేనేం పొయ్యలేదు..."

అరుపులు విని తమ్ముడు సెలూనునుంచి మెడలో తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"వదులక్కా! మనిషా నువ్వు? వదులు!"

ఆమె రెండో చేత్తో పార తీసి, కర్రను బలంకొద్దీ దించింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. వాడి కుడి మణికట్టు. కత్తి పట్టే చెయ్యి.

సాయంత్రానికి కట్టుతో తిరిగొచ్చాడు. రెండు నెలలు కత్తి ముట్టుకోవద్దన్నాడట డాక్టరు. సెలూనుకు ఎదురుగా, నాలుగు గోడలకూ అద్దాలతో ఇంకో సెలూను తెరిచి నెల కాలేదు.

"గడ్డం ఎవరికోసం ఆగుతుంది?" అంది మరదలు, గీసుకుపోయిన చెంపకు మందు రాసుకుంటూ. "రెండు నెలల్లో ఎదురు షాపువాడు మన కుర్చీలు కూడా కొనేస్తాడు. మాకు తిండి పెడుతుందా వదినా, నీ కుప్ప?"

తమ్ముడు అక్కవైపు చూడనైనా లేదు.

మర్నాడు పొద్దున్నే జైలరమ్మ తన గది కిటికీ తెరిచింది. కిటికీలో చిన్న కుండీ ఉంది. అదే ఎరువులో సరదాకు నాటిన చిక్కుడు మొలక. దాని ఆకులూ పిడికిళ్లలా ముడుచుకున్నాయి. ఆ గదికి ఎప్పుడూ తాళమే, తాళంచెవి ఎప్పుడూ ఆమె బొడ్డునే. సోదా లేకుండా కుప్పలోకి పోయింది మైదానం గడ్డి ఒక్కటే. ఆమె కుండీ చంకన పెట్టుకుని మైదానానికి నడిచింది.

కావలివాడు ఒక్కసారి చూసి నాలిక కరుచుకున్నాడు.

"మా గడ్డి కుప్పలో వేశావా అమ్మా? వేసవిలో కలుపుమందు కొట్టాం కదా! గడ్డికి ఏమీ కాదు, తక్కిన మొక్కలకి యముడే. కుళ్లినా పోదది. గొడ్లకేమో అనుకుని ఊరుకున్నాను. చెప్పొద్దూ?"

ఆమె ఇంటికొచ్చి టమాటా మొక్కలన్నీ వేళ్లతో సహా పీకింది. మట్టి చేతులతోనే ముందు గదిలోకి వెళ్లింది.

తమ్ముడు బెలూను ఊది, నురుగు పూసి, ఎడమచేత్తో కత్తి ఆడించడం నేర్చుకుంటున్నాడు. ఆమె గడపలో ఉండగానే అది టప్పున పేలి, నురుగు వాడి మొహమంతా చిమ్మింది. నేలమీద అప్పటికే చిరిగిన రబ్బరు ముక్కలు చాలా ఉన్నాయి.

"యాసిడ్ కాదు," అంది జైలరమ్మ. "మైదానం గడ్డిలో మందుంది. తెచ్చింది నేనే."

మరదలు లేచి వచ్చి, చెయ్యి బారచాపి ఆమె చెంప పగలగొట్టింది. ఆగి, మళ్లీ కొట్టింది. రెండో దెబ్బకు తమ్మె లేని చెవి ఎర్రబడింది. జైలరమ్మ చేతులు పక్కనే వేలాడాయి. వేళ్లు మాత్రం ముడుచుకుని, మళ్లీ విచ్చుకున్నాయి.

"ఇంకా ఉంటే కానీ," అంది.

"నీ మొహానికి ఇంకోటి కూడానా! నా చెయ్యే నొప్పి," అంటూ మరదలు కూలబడి ఏడ్చింది.

తమ్ముడు నురుగు మొహంతో ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. జైలరమ్మ చేతులు కడుక్కొచ్చి, వాడి ఎడమచేతిలోంచి కత్తి తీసుకుంది. అంచును బొటనవేలి గోటి మీద ఆనించి చూసి, తువ్వాలుకు తుడిచి, మడిచింది.

"సెలూను తాళాలిలా ఇవ్వు. రేపట్నుంచి నేను తెరుస్తా. నీ చెయ్యి అతికేదాకా గడ్డాలు నేనే గీస్తా."