బాద్షా తెర మీద అంతా ఆకుపచ్చే

2000వ సంవత్సరంలో సింగపూర్ సైన్స్ పార్క్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో ప్రాజెక్ట్ మేనేజరుగా చేరాను. మొఘల్ సామ్రాజ్యం ఎందుకు కూలిందో బడిపిల్లలకు చూపించే కంప్యూటర్ ఆట తయారుచెయ్యడం నా ప్రధానమైన పని. శుక్రవారం డైరెక్టర్ మిస్టర్ లిమ్‌కు చూపించాలి. తేడా వస్తే నా వర్క్ పాస్ పొడిగించరు. అంటే పెట్టె సర్దుకోవడమే.

చిక్కేమిటంటే, సామ్రాజ్యం కూలడం లేదు. కరువులు పెట్టాం, మరాఠాలను వదిలాం, కొడుకులకు కొట్లాట పెట్టాం. ఔరంగజేబు చెక్కుచెదరలేదు. బుధవారం మధ్యాహ్నానికి ఆయనకు నూట అరవై ఏళ్లు. బర్మా మింగి సింగపూర్ పొలిమేరలోని జోహోర్ దాకా వచ్చేశాడు. ఇంకో అరగంట వదిలితే మా ఆఫీసు దగ్గరి క్లెమెంటి రైలు స్టేషన్లో దిగేవాడే.

ఆ క్లెమెంటిలోనే గది అద్దెకు తీసుకుని చరిత్రలో పరిశోధన చేస్తున్న వరంగల్ అమ్మాయి వసుధ మాకు సలహాదారు. వచ్చి పావుగంట చూసి పకపకా నవ్వింది.

“గిట్లయితే ఎట్ల గూలుతదన్నా? సుబా ఏలే సుబేదారు రాసింది రాసినట్టు బాద్షాకు ముడుతున్నది. గంత మంచి కొలువు ఏడనన్న ఉంటదా? మీ ఆఫీసుల ఉన్నదా?”

లేదు. వారం వారం ప్రాజెక్టుల స్థితిని మేం రంగుల్లో రాసేవాళ్లం. మునుగుతుంటే ఎరుపు, అనుమానంగా ఉంటే పసుపు, బాగుంటే ఆకుపచ్చ. ప్రోగ్రామరు ఎరుపు పెడితే టీమ్ లీడ్ పసుపు చేస్తాడు, నేను ఆకుపచ్చ చేసి పైకి పంపుతాను. ఆ పద్ధతే మొఘలులకూ పెట్టాను. జీతం అందని సైన్యం, పంట రాని జాగీరు మూడు మెట్లెక్కేసరికి ఆకుపచ్చ. పది నిమిషాల్లో సామ్రాజ్యం ముక్కలైంది.

శుక్రవారం నాదిర్షా ఢిల్లీలో జొరబడ్డాక కూడా బాద్షా తెర మీద అంతా ఆకుపచ్చే. లిమ్ చాలాసేపు చూశాడు.

“ఎంపరర్ సో క్లెవర్, హౌ కెన్ డోంట్ నో, ఆ?” అన్నాడు, అంత తెలివైన బాద్షాకు తెలియకపోవడమేమిటని. ఈ ఆలోచన ఎక్కడిదని అడిగాడు. చరిత్ర పుస్తకాల్లోదన్నాను. నమ్మినట్టు లేడు. ఇకపై మేనేజర్లందరూ ఉన్నదున్నట్టు రాసి పంపాలని ఆ సాయంత్రమే హుకుం జారీ అయింది.

పాటించింది నేనొక్కణ్ణే. ఆట ఆకుపచ్చ, నా చేతిలోని మిగతా మూడు ప్రాజెక్టులూ ఎరుపు. నా పాస్ పొడిగించలేదు. ఎప్పటిలా ఆకుపచ్చ పంపిన నలుగురికీ పొడిగించారు. నాలుగు నెలలకు సంస్థే మూతపడింది.

నేను గ్రహించింది ఇంతే. నిజం రాసినవాడు ఒంటరిగా పోతాడు, రాయనివాళ్లు గుంపుగా పోతారు. ఒంటరిగా పోయేవాడికి విమానంలో కిటికీ సీటు దొరుకుతుంది.