కొలత రాకముందే కోసిన బండి

మా ఆయన నిజామాబాద్ బస్టాండు వెనక మోటారుసైకిళ్లు బాగుచేసేవాడు. మట్టిరోడ్ల మీద, గుట్టల దారుల్లో గడియారం పెట్టి నడిపించే ర్యాలీ పందేలకు బండ్లు తయారుచేయడంలో ఆయనకు పేరుండేది. ఒక బండ్ల కంపెనీ రెండేళ్లు ఆయనతో ఆ పని చేయించుకుంది. మూడో ఏడు బండి బాగా నడిస్తే తమ సొంత రేసు షెడ్డులో కొలువిస్తామంది. ఆ మాట పట్టుకునే మా ఇల్లు నిలబడి ఉంది.

నేను బీడీలు చుట్టేదాన్ని. తునికాకు మీద కొలత రేకు పెట్టి, దాని అంచు వెంట కత్తెరతో కోస్తాం. కొంచెం తగ్గినా కార్ఖానాలో పక్కకు పారేస్తారు. ఎంత మొత్తుకున్నా వినరు.

వానలు పోయాక కంపెనీ మనిషి వచ్చి కొత్త బండి దించాడు.

"వచ్చే ఏటి ర్యాలీ రూల్సు ఇంకా తేలలేదన్నా. బండి షోరూముల అమ్మినట్టే ఉండాలంటరో, పాతలెక్క కోసుకోనిస్తరో తెల్వది. కంపెనీ ర్యాలీలల్ల ఉంటదో పోతదో గూడ గవి చూసే చెప్తది. నువ్వైతే రెడీ చెయ్యి."

"ఏం జూసి చెయ్యాలె సార్?"

"నిరుటి లెక్కనే. గంతగనం ఏం మారుతది?"

అతను వెళ్లాక నేను ఊరుకోలేదు.

"కొలత రేకు ఇయ్యకుండ ఆకు కొయ్యమంటే నేనైతే కత్తెర ముట్ట. నువ్వేంది, కొత్త బండిని కోస్తనంటవ్?"

"బీడీలు, బండ్లు ఒక్కటేనానే? రూల్సొచ్చేదాక కూసుంటే బోధన్ చెరుకు బండ్లు గూడ నన్ను దాటిపోతయ్."

నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అంతటితో వదిలేశాను.

బరువు తగ్గాలని చట్రానికి రంధ్రాలు పెట్టాడు. వెనక భాగం కోసేశాడు. చెరుకు బండ్లు తిరిగి గుంతలు పడ్డ బాటల మీద రోజూ పొద్దున నడిపి చూసేవాడు. షాపుకొచ్చిన వాళ్లను రేపు రా, మాపు రా అని తిప్పాడు. వాళ్లు పక్క షాపుకు అలవాటుపడ్డారు.

చలి తగ్గే వేళకు రూల్సు కాగితం ఇంగ్లీషులో వచ్చింది. మందుల షాపతను చదివి చెప్పాడు. బండి అమ్మినట్టే ఉండాలట, చట్రాన్ని ముట్టుకోకూడదట.

ఆయన కోసిన వెనక భాగాన్ని మళ్లీ అతికించాడు, ఒక్కొక్క రంధ్రం వెల్డింగుతో పూడ్చాడు. రుద్ది రంగు కొట్టాడు. నేను వేలితో తడిమినా అతుకు తగల్లేదు. కంపెనీ మనిషి మాత్రం ఒంగి చూడగానే పట్టేశాడు.

"పని మంచిగనే చేసినవన్నా. గని చెకింగుల నిలవది. నిలిచినా లాభం లేదు, కంపెనీ ర్యాలీలు బంద్ చేస్తున్నది. రూల్సు మళ్ల మారుతయంట, అప్పుడు చూస్తరంట."

"మరి నా కొలువు ముచ్చట?"

"షెడ్డే మూసిండ్రన్నా."

నాకు ఒళ్లు మండింది. "నిరుటి లెక్క చెయ్యుమన్నది నువ్వే గదా సారూ?"

"నాకు చెప్పిందే నేను చెప్పినక్కా."

ఆయన నన్ను కసిరాడు. "ఊకో. సార్‌కు చాయ్ తే."

తెచ్చాను. ఆ మనిషి మెల్లగా ఊదుకుంటూ తాగి వెళ్లాడు. ఆ చాయ్ ఎందుకిచ్చానా అని ఇప్పటికీ అనుకుంటాను.

బండిని కంపెనీ తీసుకుపోలేదు. రోడ్డెక్కడానికి కాగితాల్లేవు. ఆయన పక్క షాపులో కూలికి కుదిరాడు. అయినా నాలుగేళ్లు దాన్ని తుడిచి, గోనెపట్టా కప్పి పెట్టాడు. ఎవరడిగినా "రూల్సు మారనియ్" అనేవాడు. అట్లా అంటూనే ఒకనాడు గుండె ఆగి పోయాడు.

కర్మలైన మర్నాడు పాత ఇనుము కొనే అతన్ని పిలిచాను. అతను పట్టా తీసి చూశాడు.

"ఇంజన్ మంచిగున్నదక్కా, ఉంచుకోరాదు?"

"దేనికి? కంపెనీ వస్తదనా?" అన్నాను. "ఎత్తు."