పార్లమెంటులో నా ఓటు

డెబ్బైల్లో ఒక బిల్లు నా గొంతుతోనే నెగ్గిందని ఉప్పుగూడ అంతా చెప్పుకొని తిరిగాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను. అప్పట్లో నేను సర్కారు గుమాస్తాను. పాసులు దొరికితే, మా భజన బృందంలోని యాదయ్యతో కలిసి ఢిల్లీ వెళ్లి పార్లమెంటు గ్యాలరీలో కూర్చున్నాను. అక్కడ సందర్శకులు నోరు మెదపకూడదు. చర్చ సాగేకొద్దీ నాకు కునుకు పట్టింది. కింద సభ్యులంతా ఒక్కసారిగా "ఆయ్", అంటే ఔను, అని ఓటేయగానే, భజనలో వంత పాడే అలవాటుకొద్దీ నేనూ గట్టిగా "ఆయ్" అని అందుకున్నాను!

"ఏందన్నా గిట్ల మొత్తుకుంటివి? నౌకరీ పోతది!" అని యాదయ్య నా చెయ్యి గుంజాడు.

గ్యాలరీ చూసుకునే అధికారి పరుగున వచ్చాడు. నా పక్కనున్న కాపలాదారు, "దగ్గొచ్చింది సాబ్, పాపం" అని హిందీలో సర్దిచెప్పాడు. నేను వెంటనే దగ్గాను.

ఇన్నేళ్లుగా నేను చెప్పిన కోతలు ఎవరికీ పనికిరాలేదు. పేరైనా తెలియని ఆ కాపలాదారు ఆడిన ఒక్క అబద్ధం మా ఇంట్లో పొయ్యి ఆరకుండా కాపాడింది.