గడ్డి మీద హ్యాండ్‌బాల్, గట్టు మీద నేను

ఆటల్లో నాకు ఆడేది నోరొక్కటే. మాచర్ల బస్సు కోసం కారంపూడిలో ఆగినప్పుడు కూడా అదే ఆడింది. పక్కనే కాలేజీ గ్రౌండులో ఆడపిల్లల ఆట చూస్తూ గట్టు మీద కూర్చున్నాను. ఫుట్‌బాల్ అనుకున్నాను. ఒకమ్మాయి బంతిని చేత్తో గోల్లోకి విసరగానే "చేయి తగిలింది, ఫౌల్" అని అరిచాను.

తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన నావైపు తిరిగాడు. "ఇది హ్యాండ్‌బాలయ్యా. చేత్తో కాక దేంతో ఆడతారు?"

"మరి బంతిని నేలకు కొట్టరేం బాబాయ్?"

"గడ్డిలో యాడ లేస్తది? చేతుల్లోంచి చేతుల్లోకే పోవాల. అదిసరే, మా కారంపూడి గోల్ కాదంటివి. ఆ నాదెండ్ల ఊరోళ్ల వైపా?"

"ఏ వైపూ కాదండీ. ఊరికే చూస్తున్నా."

"వైపు లేకుండా చూట్టం ఏంది?"

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. వెనకున్నవాళ్లకు కూడా నన్ను చూపించి చెప్పాడు. వాళ్లు ఆట వదిలేసి కాసేపు నన్నే చూశారు.

బస్సు వచ్చింది, వెళ్లింది. నేను లేవలేదు. కారంపూడి ఒక్క గోల్ ముందుంది. ఆఖరి క్షణంలో నాదెండ్లకు పెనాల్టీ దొరికింది. దాన్ని ఆపాల్సిన గోల్‌కీపరు పెద్దాయన మనవరాలట. ఆయన తలమీది తువ్వాలు లాగి ముఖం కప్పేసుకున్నాడు. ఆ పిల్ల ఎగిరి, బంతిని పొట్టకు అదుముకుని గడ్డిలో పడింది. రెండు వైపులా ఒకేసారి కేకలు లేచాయి.

"ఏమైందయ్యా?" తువ్వాలు తియ్యకుండానే అడిగాడు.

"ఏ వైపు నుంచి చెప్పమంటారు బాబాయ్?" అన్నాను.